వదిలేసిన పాఠం

దేవకుమారి బాపట్లలోని ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో మనోవిజ్ఞానం చెప్పేది. పందొమ్మిది వందల అరవై ఆరులో ఆ ఉద్యోగంలో చేరింది. ప్రేరణ, అవధానం, విస్మృతి లాంటి మాటలకు జడిసే పిల్లలకు వంటింటి సంగతులూ బస్సులో గొడవలూ ఉదాహరణలుగా చెప్పి నవ్వించేది.

డెబ్భై ఏడు నవంబరులో రేపల్లె దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉన్న పుట్టింటి పల్లెకు వెళ్లింది. ఆ శనివారం తుపానుకు ఉప్పెన ఊరి మీద పడింది. ఆమె ఎడమచేత్తో తాడిచెట్టును కరుచుకుని, కుడిచేత్తో పక్కింటి దానమ్మ చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు తనకు జడలు వేసిన మనిషి. నీళ్లు తీశాక చెట్టు దగ్గర దేవకుమారి ఒక్కతే మిగిలింది.

"ఉప్పెన లాక్కుపోయింది" అని అందరికీ చెప్పింది. అదే నమ్మింది.

నెల తిరక్కుండా కుడిచేతికి పట్టు పోయింది. సుద్దముక్క జారేది, అన్నం ముద్ద నిలిచేది కాదు. తెనాలిలో డాక్టరు సూదితో గుచ్చి, చిన్న సుత్తితో తట్టి చూశాడు.

"నరాలు బాగానే ఉన్నాయమ్మా. మనసులో ఏదన్నా పెట్టుకున్నారా?"

"లేదండి."

ఆ మాట అబద్ధమని ఆమెకే తెలియదు. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకుంది.

డెబ్భై తొమ్మిదిలో పరీక్షల ముందు ప్రమీలారాణి అనే అమ్మాయి క్లాసులో లేచింది.

"మేడం, రక్షక తంత్రాల్లో దమనం చెప్పలేదండి."

"చెప్పానమ్మా."

"లేదండి. పోయినేడు మా అక్క బ్యాచికీ చెప్పలేదంట. తన నోట్సులో కూడా లేదండి."

దేవకుమారి పుస్తకం తీసి చదివింది. భరించలేని అనుభవాన్ని మనసు తనకే తెలియకుండా అడుక్కి తొక్కేయడం దమనం. "ఉదాహరణకి ఒకామె..." అని ఆగిపోయింది. నీళ్లలో దానమ్మ మొహం కనిపించింది. చెట్టు మీద పట్టు జారిపోతోంది. తన కుడిచేతి వేళ్లు తెరుచుకున్నాయి. ఎవరూ విప్పలేదు. తనే విప్పింది.

"నేనే వదిలేశాను" అంది పైకి. పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు.

పదిరోజుల్లో చేతికి పట్టు వచ్చింది. దాంతో పాటే దానమ్మా వచ్చింది. గ్లాసు పట్టుకున్నా, బస్సు కమ్మీ పట్టుకున్నా అరచేతిలో ఇంకో చెయ్యి తడితడిగా తగిలేది.

తట్టుకోలేక పల్లెకు వెళ్లింది. దానమ్మ భర్త దేవదానం అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"బాబాయ్, పిన్ని చెయ్యి నేనే వదిలేశాను."

"తెలుసమ్మాయ్. నేను అవతలి చెట్టు మీదున్నా గదా."

"మరేంటి, ఇన్నాళ్లూ ఒక్క మాటా అనలేదు?"

ఆయన వల మీంచి తలెత్తలేదు. "ఏమనాలి? వదిలెయ్యవే, ఇద్దరం పోతామని అదే అరిచింది. నీకు వినపళ్లేదా?"

వినపడలేదు. ఆ గాలిలో అంతదూరాన ఉన్న ఆయనకు మాట ఎలా వినిపించిందని అడగబోయి, అడక్కుండానే వచ్చేసింది.

కొన్నాళ్లకు ఆ కేక ఆమెకూ వినిపించసాగింది. అచ్చం దానమ్మ గొంతే. కావలసిన జ్ఞాపకాన్ని మనసు తనే అల్లుకోగలదని ఆమె ఎంతమందికో బోధించింది. ఇది జ్ఞాపకమో, అల్లికో తేల్చుకోలేకపోయింది. నిజం చెప్పమని దేవదానాన్ని అడగడానికి మళ్లీ వెళ్దామనుకుంటూనే వేసవి దాటింది.

ఆ వానల్లో జ్వరమొచ్చి దేవదానం పోయాడు.