ఆమె పేరు తీసేస్తే తీసుకుంటారట

భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆశ్రమ పాఠశాలలో నేను కంప్యూటర్ టీచర్ని. మా ల్యాబ్‌లోవన్నీ కొత్తగూడెంలో ఏదో ఆఫీసు వాళ్ళు వద్దనుకున్న పాత కంప్యూటర్లు. డబ్బు పెట్టి కొనే సిస్టమ్‌లు వాటి మీద నడవవు. అందుకని ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాం.

అందులో తెలుగు ఒత్తులు విడిపోయేవి. 'చెట్టు' అని కొడితే 'చెట్‌టు' అని పడేది. ఇంట్లో కోయ మాట్లాడి బళ్ళో తెలుగు నేర్చుకునే పిల్లలు అదే సరైన రాత అనుకుని నోట్సుల్లోకి ఎక్కించుకునేవారు. ఆ సిస్టమ్ తయారుచేసే సంఘానికి మెయిల్ రాస్తే ఒకామె జవాబిచ్చింది. ఆమెది వేరే దేశం, తెలుగు ఒక్క ముక్క రాదు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నేను కాగితం మీద రాసి ఫొటో తీసి పంపేదాన్ని, ఆమె సరిచేసేది. ఇద్దరికీ సరిగ్గా రాని ఇంగ్లీషులో మూడేళ్ళు అట్లా పని చేసుకున్నాం.

ఒకరోజు సంఘంలో పనిచేసేవాళ్ళ జాబితాలోంచి ఆమె పేరు మాయమైంది. సంఘానికి డబ్బిచ్చే కంపెనీలున్న దేశం, ఆమె దేశం మీద ఎగుమతి ఆంక్షలు పెట్టిందట. ఎవరికైనా ఊరికే ఇచ్చేదాన్ని ఎగుమతి అనడమేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆమె చేసిన నేరమేమిటని అడిగితే, లాయర్లు చెప్పారంటూ ఒక పేరా పంపారు. ఇన్నేళ్ళ పనికి ఒక థాంక్స్ కూడా లేదందులో.

ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్‌తో ఒత్తులు మళ్ళీ విడిపోయాయి. మా హెడ్మాస్టర్ తెర మీదికి వంగి చూసి, "ఏంది మేడం, అక్షరాలు మళ్ళ గిట్లయినయ్?" అన్నారు. నేను ఆమెకు విడిగా రాశాను. రెండు రోజుల్లో సరిచేసి పంపింది. దాన్ని ఆమె పేరుతోనే సంఘానికి పంపాను.

వారం తర్వాత సంఘం తరఫున హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. పని చాలా బాగుందని మెచ్చుకుని, మెల్లగా అసలు సంగతికి వచ్చారు.

"ఆమె పేరు తీసేసి మీ పేరు మీద పంపండి మేడం. వెంటనే తీసుకుంటాం."

"పని ఆమెదైతే నా పేరెట్ల పెడతనండి?"

"ఆమె పేరుతో తీసుకుని ఫండింగ్ ఆగిపోతే మీ పిల్లలకే కదా నష్టం."

మా పిల్లల మీద అంత ప్రేమ ఉన్న మనిషి, మా బడి ఎక్కడుందని కూడా అడగలేదు. కుదరదని చెప్పి పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే ఆమె పంపినదాన్ని ఒక్కో కంప్యూటర్‌లో నేనే ఎక్కించాను. ఫైలు పైన ఆమె పేరు అట్లాగే ఉంచాను. ఫోన్ సంగతి ఆమెకు రాశాను, కోప్పడుతుందనుకున్నాను. పిల్లలకు అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయా అని మాత్రం అడిగింది. కనబడుతున్నాయని రాశాను.

నాకు ఆమెకున్నంత ఓపిక లేదు. విరాళం ఇవ్వమని సంఘం నుంచి మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. మనమంతా ఒకే కుటుంబం అంటూ మొదలవుతాయి. ఆ కుటుంబంలోంచి గెంటేసినవాళ్ళ సంగతేమిటని ప్రతిదానికీ జవాబు రాస్తాను. ఇంతవరకూ ఒక్కరూ పలకలేదు.