సోమవారం రాసిన కార్డు

మొన్నటి వానకు ట్రంకుపెట్టె అడుగు చెమ్మగిల్లింది. ఎండలో పెడదామని నా మనవరాలు అందులోని సామానంతా వాకిట్లో పరిచింది. మా ఆయన పోయి ఆరేళ్ళయినా ఆ పెట్టె నేను తెరవలేదు. రెండు కండువాలు, కళ్ళజోడు, పాత తోలు బంతి మూతి బిగించే తాడు, ఆ తాడుతోనే చుట్టి కట్టిన ఒక కార్డు. రాజు తల అచ్చేసిన పాతకాలపు పోస్టు కార్డు. నాకు చదువు రాదు, సంతకం పెట్టడం వచ్చు, అంతే. అయినా ఆ కార్డును గుర్తుపట్టడానికి చదువక్కర్లేదు. దాని మూల ఒక నూనె మరక ఉంది. ఆ మరక నా వేలిది. "ఏటి మామ్మా, అలా సూస్తన్నావు?" అంది పిల్ల. సెప్తాను, రాసుకో అన్నాను. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

మాది రోలుగుంట. పద్నాలుగో ఏట పెళ్ళయి నర్సీపట్నం వచ్చాను. పంతొమ్మిదివందల ఇరవైల చివరి రోజులవి. మావగారు తాలూకా కచేరీలో గుమాస్తా. అత్తగారు మా ఆయన్ని కని పురిట్లోనే పోయారట. పసిగుడ్డును పెంచింది మావగారి తల్లి. ఆవిడను నేను పెద్దత్తగారూ అనేదాన్ని. మా ఆయన విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతూ, ఒకసారి సెలవులకు చంకలో తోలు బంతితో దిగారు. తోలు ఇంట్లోకి రాకూడదన్నారు మావగారు. బంతి పశువులశాలలో ఒక బుట్టలో ఉండేది. మావగారు కచేరీకి వెళ్ళాక పెరట్లో తాడు మీద ఆరేసిన నా తడి చీరే మాకు వల. నేను ఇటునుంచి బంతి విసిరేదాన్ని, ఆయన అటునుంచి వేళ్ళ కొనలతో పైకి లేపేవారు. జట్టులో ఆయన పని అదేనట, పక్కవాడు కొట్టడానికి వీలుగా బంతిని లేపి పెట్టడం. "సప్పట్లన్నీ కొట్టినోడికే. లేపినోణ్ణి ఎవరూ సూడరు," అన్నారు ఒకసారి నవ్వుతూ. పెద్దత్తగారు వంటింటి గడప మీద బియ్యంలో రాళ్ళేరుతూ మాకు కాపలా. మావగారు వస్తుంటే దగ్గాలని ఏర్పాటు. ఒకరోజు ఆవిడకు నిజంగానే దగ్గొస్తే, కంగారులో బంతిని నూతిలో పడేసుకున్నాం. తోలు ముట్టుకున్నందుకు ఆట అయ్యాక నాకు మళ్ళీ స్నానం. రోజుకు రెండు స్నానాలేమిటని మావగారు అడిగితే, "ఉక్కగా ఉందిరా," అనేవారు పెద్దత్తగారు. అది పుష్యమాసం.

మరుసటి శీతాకాలం యూనివర్సిటీ వాళ్ళు కాలేజీల మధ్య వాలీబాలు పోటీలు పెట్టారు. ఆట ఆటకూ మా ఆయన నానమ్మ పేర ఒక కార్డు రాసేవారు. మావగారు దాన్ని కషాయం తాగుతున్న మొహంతో చదివి వినిపించేవారు. విజయనగరంలో గెలిచారు, ఆయన్ని ఆడనివ్వకుండా బయట కూర్చోబెట్టారు. కాకినాడలో గెలిచారు, మళ్ళీ బయటే. రాజమండ్రిలో బంతి లేపే కుర్రాడికి మణికట్టు బెణికితే ఈయన్ని దింపారు. ఆ కార్డు పెద్దత్తగారు మూడుసార్లు చదివించుకున్నారు. పక్కింటావిడ గోడ మీంచి, "వల కట్టుకుని ఏటి పడతారమ్మా మీ మనవడోళ్ళు, సేపలా?" అంటే, "సేపలైతే నీకూ ఓటి పంపుదును. బంతి ఇలాగొచ్చి అలాగెల్పోద్ది," అన్నారీవిడ. ఇక మిగిలింది ఫైనలు. విశాఖపట్నంలోనే, శుక్రవారం సాయంత్రం. అదే ఆయనకు ఆఖరి ఆట కూడా. చదువు పాడవుతోందని, ఈ ఏడుతో బంతి ముట్టుకోనని మావగారు ఆయన చేత అంతకుముందే మాట తీసుకున్నారు.

ఆ వారం మొదట్లోనే పెద్దత్తగారికి జ్వరం తగిలి, రొమ్ము పట్టేసింది. డాక్టరు చూసి మావగారిని వీధిలోకి పిలిచి మాట్లాడాడు. సోమవారం పొద్దున్న మావగారు కార్డు రాశారు, నానమ్మకు బాగాలేదు, వెంటనే బయలుదేరమని. నా చేతికిచ్చి, "మంచినీళ్ళకెల్తన్నావు కదమ్మా, దార్లో పోస్టు డబ్బాలో ఏసీ. బేగి," అన్నారు. బిందె కోసం లోపలికి వెళితే పెద్దత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి కాలిపోతోంది.

"ఏటది?"

"కార్డండీ. ఆయన్ని రమ్మని."

"ఒలే గుంటా, శుక్రారం దాకా ఎయ్యకు. ఆడికి ఆఖరాట. ఇన్నాళ్ళూ బయట కూకోబెట్టారు, ఇప్పుడు దించారు. నాకేటీ అవదు, అప్పటిదాకా ఉంటాను."

"మావయ్యగారికి తెలిస్తేనండీ?"

"నానున్నాను కదే సెప్పడానికి. నా నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టెయ్యి."

వేశాను. కార్డును వంటింట్లో నూనె కూజా వెనక పెట్టాను. మంగళవారం ఆవిడ కాస్త గంజి తాగి, నా వైపు చూసి కన్ను గీటారు కూడా. బుధవారానికి సంధి పుట్టి పలవరింతల్లో పడ్డారు. ఒట్టు సంగతి ఆవిడకు గుర్తులేదు. "బాబు రాలేదా? బండి సప్పుడు కాదేటే అది?" అని నన్నే అడుగుతారు. కాదండీ అంటాను. కాసేపాగి మళ్ళీ అడుగుతారు. ఒట్టు వేయించుకున్న మనిషీ, పిలుస్తున్న మనిషీ ఒకరే. ఇద్దరిలో ఎవరి మాట వినాలో పదిహేనేళ్ళదాన్ని నాకెలా తెలుస్తుంది? గురువారం పొద్దున్న ఇంక తట్టుకోలేక నూనె చేత్తోనే కార్డు తీసుకెళ్ళి డబ్బాలో వేశాను. శుక్రవారం తెల్లవారుతూ ఆవిడ పోయారు.

"సోమారం రాసేను. ఈపాటికి వొచ్చీయాలి," అంటూ మావగారు వీధిలోకీ లోపలికీ తిరిగారు. స్టేషను నుంచి వచ్చే ప్రతి బండికీ ఆయన అరుగు దిగి చూడటం, అందులోంచి ఎవరో దిగి వేరే ఇంటికి వెళ్ళిపోవడం. ఇంకో గంట చూద్దామని పెద్దలు, ఇంకో గంటని మావగారు. పొద్దువాలేదాకా ఆవిణ్ణి వాకిట్లోనే ఉంచారు. రాడని తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. తలదగ్గర దీపంలో నూనె పోస్తూ కూర్చున్నాను. ఈపాటికి అక్కడ ఆట మొదలై ఉంటుంది అని ఒక్కసారి అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చారు. కార్డులో బాగాలేదని మాత్రమే ఉంది కదా, నానమ్మ కోసం తువ్వాల్లో బత్తాయిలు మూటకట్టుకొచ్చారు. కడిగిన వాకిలి, ఆ మూల దీపం చూసి ఆగిపోయారు. బత్తాయిల మూట మెల్లగా కింద పెట్టారు, ఒక్కటీ దొర్లకుండా.

"సోమారం రాసిన కార్డురా. ఎప్పుడందింది నీకు?" అన్నారు మావగారు.

ఆయన జేబులోంచి కార్డు తీసి, ఆ వైపూ ఈ వైపూ చూశారు. నేను తలుపు పక్కన ఉన్నాను. నా వైపు చూడలేదు. "నిన్న సాయంత్రం, ఆటయ్యాక అందిందండీ. పోస్టులో ఎక్కడో ఆగిపోయినట్టుంది," అన్నారు. కార్డు మళ్ళీ జేబులో పెట్టుకుని స్నానానికి నూతి దగ్గరకు వెళ్ళిపోయారు. మావగారు బతికున్నన్నాళ్ళూ పోస్టు వాళ్ళను తిట్టారు. నేను తప్పించుకున్నాననుకుని, మైల తీరాక దేవుడి గూటి ముందు రెండు పూటలు ఎక్కువ దీపం పెట్టాను.

ఆ తరవాత పెరట్లో తాడు మీద చీర ఆరింది గానీ దాని మీంచి బంతి ఎగరలేదు. శాలలో బుట్టలో గాలి పోయి, ముడతలు పడి, ఎలకలు కొరికి పోయింది. మావగారికిచ్చిన మాట కోసమనీ, నానమ్మ మీద బెంగనీ అనుకున్నాను. మాతో బాగానే ఉన్నారు. ముగ్గురు పిల్లలు పుట్టారు, ఒక్కనాడూ నా మీద మాట తూలలేదు. ఉత్తరాలు మాత్రం ఎన్నడూ నా చేతికివ్వలేదు. మండుటెండలోనైనా తానే చెప్పులేసుకుని వెళ్ళి డబ్బాలో వేసి వచ్చేవారు. ఆడదాన్ని ఎండలో తిప్పని మంచి మనిషి అని నేను పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను.

ఇంతవరకూ రాసి మనవరాలు కలం ఆపింది. కార్డును వెలుతురుకు పెట్టి చూసింది.

"మామ్మా, తాతకి తెలుసు."

"ఏటి తెలుసు?"

"ఇక్కడ ముత్తాత రాసిన తేదీ ఉంది. ఈ గుండ్రటి ముద్ర సూడు, మనూరి పోస్టాఫీసుదే. ఇందులో తేదీ మూడు రోజుల తరవాతది. డబ్బాలో ఏసిన రోజుదే పడుద్ది మామ్మా."

రాజు మొహం మీద ఆ మసి ఎందుకు పూస్తారో అనుకునేదాన్ని. అందులో రోజు ఉంటుందని నాకెవరు చెప్పారు? ఆ మధ్యాహ్నం వాకిట్లో నిలబడి ఆయన చూసింది ఆ ముద్రే. చూసే, పోస్టు మీదికి తోశారు.

"ఇంతకీ ఆట గెలిసారా?" అంది పిల్ల.

"తెలీదే. ఎలాగడుగుతాను? పక్కింటావిడ అడిగితే 'ఆడేం' అన్నారు, అంతే."

పిల్ల కార్డును మళ్ళీ ఆ తాడుతోనే చుట్టి నా ఒళ్ళో పెట్టింది. మూడు రోజులు నేను దాచిన కార్డును ఆయన నలభై ఏళ్ళు దాచారు.