చదివినంక సంతకం

ఆ ఉదయం ల్యాబ్‌లో బోర్డు మీద నేను రాసింది ఒకే ఒక్క వాక్యం. నేను చెప్పేదాకా బర్నర్లు వెలిగించవద్దని, ఇంగ్లీషులో. సుద్దముక్క కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి ల్యాబంతా నీలిమంటలు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు వాళ్ళు. డిగ్రీలో ఫస్ట్ క్లాసులు తెచ్చుకుని వచ్చినవాళ్ళు. "నేనేం రాసిన? చదివిన్రా?" అని అడిగితే "అవ్ మేడం, బర్నర్ వెలిగించాలె" అన్నారు ముక్తకంఠంతో. బోర్డు మీద వాళ్ళకు తెలిసిన మాటలు రెండు కనిపించాయి, బర్నరూ వెలిగించడమూ. ఆ రెండూ చాలనుకున్నారు. ఇన్నేళ్ళ చదువులో అవి సరిపోయాయి కూడా. గైడు కొనుక్కుని, పేజీలకు పేజీలు కళ్ళు మూసుకుని అప్పజెప్పి, పరీక్షలో దించేసి వచ్చిన పిల్లలకు ఒక వాక్యాన్ని చివరిదాకా చదవాల్సిన అవసరం ఎవరు రానిచ్చారు? నాకు ఒళ్ళు మండింది. పిల్లల మీద కాదు, వాళ్ళను చదివించకుండానే ఇంతదూరం నెట్టుకొచ్చిన మా అయ్యవార్ల జాతి మీద.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. మా పీజీ కాలేజీ యూనివర్సిటీకి అనుబంధంగా నడిచేది. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యేచోట ఉండేది. తల్లాడ నుంచి, దమ్మపేట నుంచి రైతుల పిల్లలు, బొగ్గుగనుల ఊళ్ళ నుంచి కార్మికుల పిల్లలు, గోదావరి ఒడ్డు పల్లెల నుంచి కోయ పిల్లలు వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. నేను అక్కడ కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇంగ్లీషు నా సబ్జెక్టు కాదు.

ఆ పిల్లల్లో పర్ణశాల అవతలి పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. కిందటేడు ప్రాక్టికల్స్‌లో ప్రయోగం చక్కగానే చేసింది. ఆ తర్వాత ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడిగే వైవాలో, ఆ ఇంగ్లీషు ప్రశ్నలు అర్థంకాక నోరు తెరవలేదు. ఫెయిలయింది. ఈసారి కూడా పోతే హాస్టల్ సీటు ఉండదు, హాస్టల్ లేకపోతే ఆమెకు చదువు లేదు. తమ వైపు ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు కావాలని ఆ పిల్ల పట్టుదల. అక్కడి పిల్లలకు అర్థమయ్యే మాటలో సైన్సు చెప్పేవాళ్ళు లేరని నాతో ఎన్నోసార్లు అంది.

బర్నర్ల గొడవ జరిగిన రోజు అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి ఆగింది. "మేడం, ఇంగ్లీషు చదువుడు ఈ వయసుల వస్తదా?" అని అడిగింది.

"నీకెట్ల అనిపిస్తుంది?" అన్నాను.

"ఇంట్ల మేం కోయ మాట్లాడుతం. బడికి పోయినప్పుడు మాకు తెలుగే ఇంగ్లీషు లెక్క ఉండె. అది నేర్చుకున్నం గద మేడం. ఇది గూడ నేర్చుకుంట."

ఆ మాటతో నాకు ఏనుగంత బలం వచ్చింది. మర్నాడు పొద్దున్నే మా డిపార్ట్‌మెంట్ పెద్ద, హెచ్‌వోడీ గారి గదికి వెళ్ళి, సాయంత్రాలు ఒక గంట గది ఇప్పించమని అడిగాను. వాక్యం చదవడం నేర్పుతానన్నాను. ఆయన పెద్దాయన, ఖమ్మంలో బోలెడంత పేరున్నవాడు. నా వైపు జాలిగా చూశాడు.

"ఎమ్మెస్సీ పిల్లలకు ఏబీసీడీలు చెప్తరా ఏంది? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంటది. అంతగా కావాలంటే ఖమ్మంల స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లున్నయి, పొమ్మనండి."

"మాట్లాడుడు కాదు సార్, చదువుడు గావాలె వీళ్ళకు" అన్నాను. హౌ ఆర్ యూ, ఫైన్ థాంక్యూ నేర్చుకుని వీళ్ళేం చేసుకుంటారు? ఏ సల్ఫేటుకు చెప్తారు థాంక్యూ?

గది ఇవ్వలేదు. సరేలే అనుకున్నాను. ఆదివారం చర్చి అయిపోగానే నేరుగా హాస్టల్‌కు వెళ్ళడం మొదలుపెట్టాను. హాస్టల్ వరండాలో బోర్డు లేదు, బెంచీలు లేవు. నేల ఉంది, అది చాలు.

నేను చెప్పే పద్ధతి ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. మా నాన్న బొగ్గుగనిలో పనిచేసేవాడు. గనిలో దిగేవాళ్ళకు జాగ్రత్తల పుస్తకం ఒకటి ఇచ్చారు. చిన్నది, జేబులో పట్టేంత. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో అదే ఇంగ్లీషు. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం ఉన్న పుస్తకం అదొక్కటే. నాన్న రాత్రి షిఫ్టుకు వెళ్ళే ముందు నేను ఎడమ పేజీ చదివి, కుడి పేజీలో ఆ మాట ఎక్కడుందో వెతికేదాన్ని. కొత్త నోటీసు ఏది అంటించినా ఆయన దాని ముందు నిలబడి ఆసాంతం చదివేవాడు. వెనక జనం తోసినా కదిలేవాడు కాదు. "చదవకుంట దిగొద్దు బిడ్డా" అనేవాడు నాతో. 

అందుకే మొదటి ఆదివారం పిల్లలను అడిగాను, "ఇంటర్‌ల మీరు చదివిన తెలుగు మీడియం కెమిస్ట్రీ పుస్తకం ఎవరి దగ్గరన్న ఉందా?" ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పీజీకి వచ్చాక తెలుగు పుస్తకం చేతిలో కనిపిస్తే పరువు తక్కువ. పారేసుకోలేక, బయటపెట్టలేక అందరూ దాన్ని పెట్టెల అడుగున దాచుకున్నారు. ఒక్కొక్కటే బయటికి వచ్చింది. అట్టలు ఊడినవి, పెళ్ళికార్డులతో అట్టలేసుకున్నవి.

ఎడమ పక్క తెలుగు పుస్తకం, కుడి పక్క అదే పాఠం ఉన్న ఇంగ్లీషు పుస్తకం పెట్టించాను. పాఠం తెలిసిందే కాబట్టి భయం సగం పోయింది. "మన వాక్యంల పని చెప్పే మాట ఆఖరున కూసుంటది. వాళ్ళ వాక్యంల ముందుకొచ్చి నిలబడ్తది. మొదలు దాన్ని పట్టుకోండ్రి. దాని పక్కన వద్దు అనే మాట ఉందేమో చూడండ్రి. బర్నర్లు వెలిగింది గాడనే" అంటే పకపకా నవ్వారు. తర్వాత ఎవరు చేశారు, దేన్ని, ఎప్పుడు. వాక్యం చివరి చుక్క వచ్చేదాకా ఆగకూడదు, డిక్షనరీ తీయకూడదు. ఇవే నా సూత్రాలు. వీటితో పాటు ఒక హక్కు కూడా ఇచ్చాను. చెవికి అందకపోతే రాసిమ్మని అడగండి, అందులో సిగ్గేం లేదు, చదివి జవాబు చెప్పండి అన్నాను.

పర్ణశాల అమ్మాయి వాక్యం కింద వేలు పెట్టుకుని చదివేది. నిదానం. మిగతావాళ్ళు పేజీ తిప్పుతుంటే ఆమె ఇంకా సగంలోనే ఉండేది. కానీ ఆ సగంలో ఏముందో అడిగితే తడుముకోకుండా చెప్పేది. వానలు వచ్చాయి, పోయాయి. ఒక ఆదివారం ఆమె ఒక పేజీ మొత్తం తెలుగు పుస్తకం మూసేసి చదివింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు.

ఈ సంగతి హెచ్‌వోడీ గారి చెవిన పడకుండా ఉంటుందా? "పీజీ పిల్లల చేతుల ఇంటర్ తెలుగు పుస్తకాలేంది మేడం? ఎవరన్న చూస్తె మన స్టాండర్డ్ ఏం గావాలె? మీది కాంట్రాక్టు, గుర్తుంచుకోండి" అన్నాడు. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం "చూడనీయండి సార్" అన్నాను.

ప్రాక్టికల్స్ వచ్చాయి. పరీక్షాధికారి బయటినుంచి వచ్చాడు, పెద్ద యూనివర్సిటీ మనిషి. పర్ణశాల అమ్మాయి తనకిచ్చిన మిశ్రమంలో ఏమేం ఉన్నాయో కనిపెట్టి రాసింది. వైవాకు ఆయన ముందు నిలబడింది. నేను పక్క బల్ల దగ్గర ఇంకొకరి టెస్ట్‌ట్యూబులు చూస్తున్నాను గానీ చెవులు అక్కడే ఉన్నాయి. ఆయన గడగడా ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు, ఇంకా వేగంగా. కిందటేడు జరిగింది ఇదే.

అప్పుడు ఆమె, "ప్లీజ్ రైట్ ఇట్, సర్" అంది.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. విసురుగా ఒక కాగితం లాక్కుని ప్రశ్న రాసి ఆమె ముందుకు తోశాడు. ఆమె వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆయన గడియారం చూసుకుని "హౌ లాంగ్?" అన్నాడు. తలెత్తకుండానే "వన్ మినిట్, సర్. ఐ యామ్ రీడింగ్" అంది.

మిశ్రమంలోని లోహాలను గ్రూపులుగా విడదీసే పరీక్షలో, రెండో గ్రూపు కోసం వాయువు పంపే ముందు ఆసిడ్ ఎందుకు వేస్తారన్నది ప్రశ్న. చదవడం పూర్తయ్యాక అదే కాగితం మీద, ప్రశ్న కిందనే, జవాబు ఇంగ్లీషులో రాసి ఆయన వైపు తిప్పింది. ఆసిడ్ వేయకపోతే తర్వాత రావాల్సిన లోహాలు కూడా ఇప్పుడే వచ్చి అడుగున చేరతాయని. జవాబు కరెక్టే. ఆయన చదివి, తర్వాతివాళ్ళను పిలిచాడు.

సాయంత్రం హెచ్‌వోడీ గారు మా ఇద్దర్నీ పిలిపించాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. "ఎగ్జామినర్ సార్‌ను ఇన్సల్ట్ చేసినవట. ఆయన చానా బాధపడ్డడు. ఇగో, క్షమాపణ లెటర్. కింద సంతకం పెట్టు. పెట్టకపోతే నీ ఇంటర్నల్ మార్కులు నేను పంప" అన్నాడు, పెన్ను మూత తీసి ఆమెకు అందిస్తూ.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం దగ్గరికి జరుపుకుంది. మొదటి వాక్యం కింద వేలు పెట్టింది.

"చదివేదేముందమ్మా, ఫార్మాలిటీ. జల్దీ పెట్టు" అన్నాడాయన. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి మేడం" అన్నాడు.

"చదవనీయండి సార్" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

ఆమె ప్రతి వాక్యం చుక్క దాకా చదివింది. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. ఆయన కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. చివరికి ఆమె వేలు ఒకచోట ఆగింది.

"సార్, ఈడ నాకు జవాబు తెల్వలేదని రాసిన్రు. నాకు తెలుసు సార్. రాసిచ్చిన."

"అది ఊరికే రాస్తరమ్మా. సంతకం పెడితె అయిపాయె."

"చదవకముందైతె పెడుదును సార్. హాస్టల్ల, బ్యాంకుల, యాడ పెట్టమంటె ఆడ పెట్టిన. చదివినంక ఎట్ల పెడత?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. ఆమె మాత్రం కోపంగా లేదు. ఆ కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీ వైపు నిదానంగా ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసింది. ప్రశ్న రాసిమ్మని నేను సార్‌ను అడిగాను. సార్ ప్రశ్న రాశారు. నేను జవాబు రాశాను. కింద సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టి, రెండూ ఆయన ముందు ఉంచింది. "దీనికి పెట్టిన సార్" అంది.

ఆ కాగితాన్ని ఆయన ఫైల్లో పెట్టుకున్నాడో చింపేశాడో నాకు తెలియదు. ప్రశ్నా జవాబూ ఉన్న కాగితం జవాబు పత్రాలతో పాటు యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. ఆమె జవాబు అందులో ఉండగా ఇంటర్నల్ మార్కులు ఆపితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది, అందుకే ఆపడం ఆయనవల్ల కాలేదని తర్వాత తెలిసింది. ఆమె పాసయింది. తమ వైపు ఆశ్రమ పాఠశాలలోనే సైన్సు టీచరయింది.

ఆ ఏడాది నుంచి మా డిపార్ట్‌మెంట్‌లో ఏ కాగితం ముందు పెట్టినా పిల్లలు వెంటనే పెన్ను తీయడం మానేశారు. "ఒక్క నిమిషం సార్, చదువుకుంట" అనేవాళ్ళు. హాజరు కాగితమైనా సరే, పిక్నిక్ కాగితమైనా సరే. హెచ్‌వోడీ గారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చునేవాడు.

ఒకరోజు వరండాలో నన్ను ఆపాడు. "మీరొచ్చినంక పిల్లలకు పొగరెక్కింది మేడం" అన్నాడు.

"అవ్ సార్" అన్నాను. "నేనే నేర్పిన."