చద్దర్ల డేరా

ఆ రోజుల్లో మనిషికి ధైర్యం రావాలంటే ఏమీ తెలియకుండా ఉంటే చాలు. నాకూ మా బావకూ (మేనమామ కొడుకు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నాకు జతగాడు) ఆ తెలియనితనం పుష్కలం. షోలాపూర్ నీలం నగర్‌లో పుట్టి, పవర్‌లూమ్ సాంచాల చప్పుడులో పెరిగిన మేము సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా దీపావళికి సాంచాలు ఆగగానే కొంకణ తీరం వెంబడి, బస్సులు తిరగని ఊళ్ల మీదుగా, బియ్యం, స్టవ్వు, పడక అన్నీ వీపున మోసుకుంటూ నడిచిపోవాలని తీర్మానించేశాము. మూటలతో ఊరి పక్కనున్న కుంభారి దాకా నడిచి అలవాటు కూడా చేసుకున్నాము (తిరిగొచ్చింది మాత్రం బస్సులో).

పడుకోవడానికి డేరా కావాలి. ప్లాస్టిక్ కాయితం కొందామంటే బావకు పౌరుషం పొడుచుకొచ్చింది. “దేశమంత కప్పుకునే చద్దర్లు నేసేటోళ్లం, ప్లాస్టిక్ కింద పంటమా? ఇజ్జత్ పోతది” అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. నేతపని ఇంట పుట్టినవాడికి బట్టతో కానిది లోకంలో ఏముంది? డిజైన్ తప్పి పక్కన పడేసిన చద్దర్లు (నెమళ్లకు తోకల్లేనివి) అడిగి తెచ్చుకుని, రెండు పొరలుగా కుట్టి మేడ మీద నిలబెట్టాము. పెళ్లిపందిరిలా ఉంది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి మెచ్చుకుని పోయారు. అమ్మ మాత్రం ఒళ్లోంచి బీడీలు చుట్టే చేట దించకుండానే షరతు పెట్టింది. మేము డేరాలో కూర్చోవాలి, ఆమె పైనుంచి బిందెడు నీళ్లు పోస్తుంది. తడవకపోతే పోవచ్చు, తడిస్తే సముద్రం మాట మళ్లీ ఎత్తకూడదు.

అమ్మ బిందె వంచింది. మొదట ఒక్క చుక్క దిగలేదు. బావ మీసం తిప్పాడు. చద్దర్లూ తువ్వాళ్లూ నేసే మాకే, నూలుకు నీళ్లు తాగే గుణముందని గుర్తులేదు! డేరా తాగినంత తాగి, బరువెక్కి, కర్రలతో సహా మా మీద కూలింది. పైగా రంగు దిగింది. బయటపడేసరికి బావ ఎర్రగా, నేను పచ్చగా ఉన్నాం. అమ్మ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. మాకు ఏడుపొక్కటే తక్కువ. షరతు షరతే కదా, మూటలు విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి అమ్మ, వానాకాలంలో బీడీ ఆకు మీదా పొగాకు మీదా కప్పే పెద్ద ప్లాస్టిక్ కాయితం తెచ్చి నా ఒళ్లో పడేసింది. “నేన్ సుత సముద్రం చూడలే. ఎట్లుంటదో మంచిగ చూసొచ్చి చెప్పు” అంది. బావ ఇజ్జత్ సంగతి మరిచి, దాన్ని మడతపెట్టి మూటలో పెట్టాడు.

ఆ కాయితం కిందే పడుకుంటూ తీరమంతా నడిచాము. బయట అలలు, లోపల తుమ్ములు. తిరిగొచ్చాక అమ్మ అడిగితే, సముద్రం చాలా పెద్దగా ఉంటుందనీ పొగాకు వాసన వస్తుందనీ చెప్పాను. “గా వాసనకైతే గంత దూరమెందుకురా, ఇంట్లనే ఉంది కద” అని అమ్మ మళ్లీ చేట ముందుకు జరిగింది.

ఈ మధ్య మంచి డేరా కొనుక్కుని మళ్లీ ఆ తీరానికి పోయాను. వాన పడినా చుక్క నీరు దిగలేదు గానీ, ఏదో తక్కువైనట్టే ఉంది. జన్మలో బీడీ ముట్టని నేను పక్క ఊరి దుకాణానికి నడిచి, ఒక కట్ట కొనుక్కొచ్చి తలగడ పక్కన పెట్టుకున్నాను. అప్పుడు గానీ అది మా సముద్రమని అనిపించలేదు.