చుట్టపుచూపుగా దవాఖానకు

ఇంగ్లీషు మాట కనిపిస్తే చాలు, దాని ఏడు తరాలూ తవ్వి తీస్తే గానీ నాకు ముద్ద దిగని రోజులవి. డెబ్బైల మొదట్లో కోస్తా నుంచి వచ్చి, లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, హఫీజ్‌పేటలో ఓ రైతు ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. నా వెంట వచ్చిన ఆస్తల్లా ఒక లావుపాటి నిఘంటువు. (నాకు పెళ్లి కుదరకపోవడానికి అదే కారణమని మా అమ్మ నమ్మకం.)

ఆ ఏడు మా ఇంటాయనకు కాలిపుండు ముదిరి పాదం నల్లబడింది. పట్నం దవాఖానకు పోదామంటే ససేమిరా అన్నాడు. "ఆడికి పోయినోడు మల్ల ఇంటికి రాడు, సారూ," అనేవాడు. ఆయన భార్య (నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ని) కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. చూస్తూ ఉండబట్టలేక నా విద్య బయటికి తీశాను. "హాస్పిటల్ అంటే అసలు జబ్బుల కొంప కాదండీ. హోటలు, హాస్టలు, హాస్పిటలు ఒక తల్లి పిల్లలు. లాటిన్‌లో అతిథి అనే మాటకు పుట్టాయి. హాస్పిటలంటే చుట్టాలు దిగే ఇల్లు!" ఆయన తల అడ్డంగా ఊపి, "చుట్టమైతే పిలుపు రావాలె గద? పిలువని పేరంటానికి నేను పోను," అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, చీము వాసన నవ్వనివ్వలేదు. మర్నాడే పట్నం వెళ్లి, దవాఖాన కాంపౌండరు కాళ్లావేళ్లా పడి వెంటబెట్టుకొచ్చాను. ఆ మహానుభావుడు గడపలో నిలబడి, "మామా, జర మా ఇంటికి రావాలె," అన్నాడు విసుగ్గా. అంతే! ఇంటాయన కొత్త రుమాలు తలకు చుట్టి, గంపెడు సీతాఫలాలు (చుట్టం వట్టి చేతులతో పోకూడదు మరి) నాచేత మోయించుకుని బయల్దేరాడు. వార్డులో పక్క మంచాలవాళ్లు తినందే తను బ్రెడ్డు ముట్టేవాడు కాదు. డాక్టరు వస్తే, "మీరు తిన్నరా?" అని అడిగేవాడు. కాలు తీసేయాలన్నప్పుడు కూడా, "పిలిచినోళ్ల మాట కాదంటమా," అన్నాడు.

కాలు తీసినా విషం ఆగలేదు. ఆయన్ని తెల్లటి కొత్తబట్టలో చుట్టి అప్పగించారు. పెద్దమ్మ ఆ బట్ట అంచును వేళ్లతో తడిమి చూసింది. తిడుతుందేమోనని నేను గోడకు అతుక్కుపోయాను. తిట్టలేదు. "చుట్టానికి బట్టలు పెట్టి పంపిన్రు, సారూ," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు హఫీజ్‌పేట నుంచి పట్నం దారి పొడుగునా అద్దాల హాస్పిటళ్లు, నిజంగానే హోటళ్లలా ఉన్నాయి. మొన్న గుండె పరీక్షకు బయల్దేరుతుంటే మా ఆవిడ కొత్త చొక్కా తీసింది. "వద్దు, పాతదే ఇవ్వు. నేను చుట్టంగా పోవడం లేదు," అని, నాలో నేనే నవ్వుకున్నాను.