బొబ్బిలి అవతల విమానానికి ట్యాబ్ బిగించి వచ్చాను

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఉదయం అయిదూ నలభైకి రాజాం మీదుగా బొబ్బిలి వెళ్ళే బస్సు ఎక్కాను. టికెట్టు అరవై చిల్లర. కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఆ కిటికీ తెరుచుకోలేదు. ఆర్టీసీ వారు రెండు వరాలూ ఒకేసారి ఇవ్వరు. ఒళ్ళో నా పనిముట్ల రేకుపెట్టె ఉంది.

పక్కన కూర్చున్న ముసలమ్మ చిలకపాలెం దాకా ఆ పెట్టెనే చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది. "ఏటి బావూ అది? కుట్టుమిషను బాగుసేత్తావేటి?"

"కాదమ్మా, విమానానికి పని సెయ్యడానికెల్తన్నాను."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. "అలాగా! నాను సందమావ కాడికెల్తన్నాను. దార్లో దింపీ."

ఆమె తప్పేం లేదు, మా ఇంట్లోనే నమ్మలేదు. నేను సీటు కవర్లు కుట్టి, ఆటోలకీ కార్లకీ ఫోను స్టాండ్లు బిగించుకునే మనిషిని. చదువు ఏడో తరగతి. ఎనిమిదో తరగతి నన్ను పిలవలేదు, పిలవని పేరంటానికి నేనూ వెళ్ళలేదు. రాష్ట్రం విడిపోయాక వచ్చిన రెండో వేసవిలో, అలాంటి నాకు ఒక పైలట్ ఫోన్ చేసింది. పేరు రూతు. శ్రీకాకుళంలో బాప్టిస్టు చర్చి వెనక వీధి అమ్మాయి. వాళ్ళ నాన్నగారు బ్యాంకు ఉద్యోగి, ఆయన కారులో ఫోను స్టాండు బిగించింది నేనే.

"అన్నా, డాడీ కారులో మీరెట్టిన స్టాండు అయిదేళ్ళయినా ఊగట్లేదు. నా విమానంలో ట్యాబ్ అలాగే నిలబెట్టాలి. వస్తారా?" అంది.

సంగతేమిటంటే, వాళ్ళ కంపెనీ చిన్న విమానంలోంచి భూముల ఫోటోలు తీస్తుంది. ఎక్కడా వంకర పోకుండా ఒక గీత మీద వెళ్ళి, పక్క గీత మీద తిరిగి రావాలి. ఆ గీతలు ట్యాబ్‌లో కనిపిస్తాయి. గాజుకి అంటించే రబ్బరు స్టాండు మన ఎండకి రెండో రోజే ఊడిపోయిందట. తొడ మీద పెట్టుకుని నడిపితే, కిందటి వారం గాలి కుదుపుకి జారి ఆమె కాళ్ళ కింద, తొక్కుడు పెడళ్ళ మధ్య పడింది. ఎలాగో దాన్ని కాలితో నెట్టేసి విమానాన్ని దింపింది. ఆ రోజే విమానం ఇంజినీరు పాత్రోగారు తేల్చి చెప్పేశారు, ట్యాబ్ గట్టిగా నిలబడితే తప్ప బండి లేవదని. కంపెనీ వారు నేను వెళ్ళిన మర్నాటి పొద్దుటి దాకా గడువిచ్చారు. కాకపోతే ఈ పని వేరే ఊరి పైలట్‌కి పోతుంది. రూతు ఒక్కత్తీ సొంత పూచీ మీద చేస్తున్న మొదటి పని ఇది.

"ఒక్క మాటన్నా," అని ఫోన్ పెట్టే ముందు గట్టిగా చెప్పింది. "ఇనుము మాత్రం తేకండి. దిక్సూచి దగ్గరకి ఇనుమొస్తే అది తప్పు దిక్కు సూపిస్తాది."

అందుకని అల్యూమినియం పట్టీలు, ఇత్తడి స్క్రూలు, సైకిలు ట్యూబు ముక్కలు సర్దుకున్నాను. మా ఆవిడ టిఫిను క్యారేజీ చేతికిస్తూ ఒకటే అడిగింది. "ఆటోలోది ఊడితే గుంటలో పడతాది. ఇది ఊడితే ఎక్కడ పడతాదో సూసుకున్నావా?" ఇంకో నాలుగు ఇత్తడి స్క్రూలు పెట్టెలో వేసుకున్నాను.

ఏడింటికి రాజాంలో బస్సు పావుగంట ఆగింది. ఆ దారిన వెళ్ళేవారు ఇడ్లీ జోలికి పోకండి. స్టాండు బయట ఒకావిడ కుండలో చోడి అంబలి, అంటే రాగి జావ, అమ్ముతుంది, పక్కన ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఇస్తుంది. ఒక గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి మన పేరు మరిచిపోతుంది. ఎనిమిదీ పదికి బొబ్బిలిలో దిగాను. అక్కణ్ణుంచి ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు. ఆటోవాడి ఫోను స్టాండు వదులైపోయి ఊగుతుంటే చూడలేక, దార్లోనే బిగించాను. వాడు దిగేటప్పుడు డబ్బులొద్దన్నాడు. ఇద్దరం కాసేపు మర్యాదకి పోట్లాడుకుని, సగం దగ్గర రాజీ పడ్డాం.

ఎప్పటిదో పాత రన్‌వే, చుట్టూ జీడితోటలు. ఒక రేకుల షెడ్డు, అందులో విమానం. నేను ఊహించుకున్నదానికీ దానికీ పోలిక లేదు. మా కళింగ రోడ్డులో పెద్దమనుషుల కార్లు దానికన్నా వెడల్పుగా ఉంటాయి. తలుపు వేస్తే ఆటో తలుపులా టప్‌మని మోగింది. అది విన్నాక నా భయం సగం పోయింది. ఈ జాతి నాకు తెలిసినదే!

రూతు చిన్న మనిషి, జుట్టు బిగించి కట్టుకుని, చెమటతో నవ్వుతూ వచ్చింది. "తిన్నారా అన్నా?" అని ముందు అదే అడిగింది. ఆమె వెనక పాత్రోగారు. యాభై దాటిన మనిషి, ఇచ్ఛాపురం వైపు. ఒకప్పుడు మిలిటరీలో విమానాలు చూసేవారట. నా పెట్టె తెరిపించి ఒక్కో స్క్రూ చేతిలోకి తీసుకుని చూశారు.

"ఇయన్నీ ఇత్తడేనేటి?"

"ఇత్తడేనండి బావూ. కావాలంటే కొరికి సూడండి."

"నా పళ్ళు కూడా సొంతవి కావురా బావూ," అని స్క్రూ నాకిచ్చేశారు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. విమానానికి ఒక్క కన్నం కూడా పెట్టకూడదన్నారు. కన్నం పెడితే దానికి కాగితాలు, కాగితాలకి ఢిల్లీ. కారు స్టీరింగుని సగానికి కోసినట్టు ఉంటుంది విమానం చక్రం. అది ఒక గొట్టం చివర ఉంటుంది. నేను మోటారుసైకిలు హ్యాండిలుకి బిగించినట్టు ఆ గొట్టానికి పట్టీ చుట్టి, పావుగంటలో ట్యాబ్ నిలబెట్టేసి, చేతులు దులుపుకున్నాను.

రూతు సీట్లో కూర్చుని చక్రాన్ని ముందుకి నెట్టింది. టక్‌మని ఆగిపోయింది. ఆ గొట్టం ముందుకీ వెనక్కీ లోపలికి దూరుతుందని నాకేం తెలుసు! నా పట్టీ ఎదుటి మీటర్ల బోర్డుకి తగులుకుంది.

"ముక్కు కిందకి దించాలంటే ఇది పూర్తిగా లోపలికెళ్ళాలన్నా," అని నెమ్మదిగా చెప్పింది.

"మీ బండికి ముక్కు కూడా దించుతారా? మా ఆటోలకి ముక్కు ఊడిపోడమే తెల్సు," అన్నాను. అంటూనే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను.

ఊడదీశాను. రెండోసారి చక్రం నడిమధ్యన, ముఖం మీదే, రెండు అల్యూమినియం పట్టీలు వెనకనుంచి కౌగిలించుకునేలా వంచి, మధ్యన ట్యూబు రబ్బరు పరిచి బిగించాను. ఈసారి ముందుకీ వెనక్కీ సాఫీగా వెళ్ళింది, కానీ కుడికి పూర్తిగా తిప్పితే ట్యాబ్ మూల ఆమె మోకాలికి తగిలింది. మళ్ళీ తీశాను. రెండు వేళ్ళ మందం పైకి జరిపాను. ఎండకి ట్యాబ్ వేడెక్కి ఆగిపోతోందంటే, వెనక రేకులో గాలి ఆడడానికి కిటికీలాంటి చదరం కోశాను. ఒంటిగంటకి ముగ్గురం షెడ్డు నీడలో క్యారేజీ విప్పుకున్నాం. మా ఆవిడ పెట్టిన వంకాయ కూర పాత్రోగారు రెండుసార్లు వేయించుకున్నారు. అక్కడనుంచి నన్ను "ఒరే" అనడం తగ్గి "బావూ" ఎక్కువైంది.

సాయంత్రం నాలుగున్నరకి పని కుదిరింది. రూతు చక్రాన్ని నాలుగు వైపులా చివరిదాకా తిప్పింది, ఎక్కడా తగల్లేదు. పాత్రోగారు ట్యాబ్ పట్టుకుని పళ్ళు బిగించి లాగారు, విమానం ఊగింది గానీ ట్యాబ్ ఊగలేదు. దిక్సూచి మాత్రం పొద్దున్నే రన్‌వే మీద చూస్తానన్నారు.

ఇక్కడ మా షాపు రివాజు ఒకటి చెప్పాలి. ఏ బండికి ఏ పని చేసినా, చివర్న డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న దేవుణ్ణి ఉచితంగా అంటించి పంపుతాం. మా నాన్న పెట్టిన అలవాటు. వెంకన్న, దుర్గమ్మ, మక్కా, సిలువ, అందరూ ఒకే డబ్బాలో సర్దుకుపోయి ఉంటారు. వాళ్ళిద్దరూ షెడ్డు తలుపులు వేస్తుండగా నేను పనిముట్లు ఏరుకునే మిషతో విమానం లోపల మిగిలాను. కంపెనీ బండి కదా, అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఒంటరిగా విమానం నడిపే పిల్ల. ముందు అద్దం కింద, దిక్సూచి గాజు బుడ్డి వెనక, ఎవరికీ కనబడని చోట బొటనవేలంత సిలువ అంటించి, మనసులో దండం పెట్టుకుని దిగాను.

ఆ రాత్రి బొబ్బిలి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రం, దోమలు స్థానికం. అంతకన్నా చెప్పుకోడానికేమీ లేదు.

మర్నాడు ఆరింటికల్లా మళ్ళీ రన్‌వే దగ్గరున్నాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. రూతు విమానాన్ని రన్‌వే మధ్య గీత మీదకి తెచ్చి ఆపింది. పాత్రోగారు తలుపులోంచి తల దూర్చారు. దిక్సూచి అంటే గాజు బుడ్డిలో తేలే అంకెల చక్రం. ఆ రన్‌వే మీద అది యాభై చూపాలట. ఎనభై చూపుతోంది.

పాత్రోగారు తల బయటికి తీసి నా వైపు తిరిగారు. నిన్నటి వంకాయ కూర ఆ ముఖంలో ఎక్కడా లేదు.

"ఒరే, ఇత్తడని సెప్పి ఇనప స్క్రూలేసినావేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటండీ ఆ మాట! మీరే పట్టి సూసినారు కదా. నాను నవ్వుతాలకి వంద అబద్దాలాడతాను గానీ పనిలో ఒక్కటాడ్ను. మా నాన్న మీదొట్టు!"

"ఒట్లు దిక్సూచికి సెప్పు. తీసీరా ఆ పట్టీలు. తీసీ. అమ్మా, ఈయేల బండి లెగదు. ఆఫీసుకి ఫోన్ సేసి సెప్పీ."

రూతు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ ఖాళీ ఆకాశంలోకి చూసింది. నన్ను ఒక్క మాటన్నా బాగుండేది.

పట్టీలు విప్పడానికి లోపలికి ఎక్కాను. స్క్రూడ్రైవరు స్క్రూ మీద పెట్టి తల ఎత్తితే, దిక్సూచి బుడ్డి వెనకనుంచి సిలువ కనబడింది. దాని అడుగున జిగురు పట్టీతో పాటు అయస్కాంతం కూడా ఉంటుంది. పదేళ్ళుగా వేల బండ్లకి అంటించాను. ఇనుము వద్దన్నారని స్క్రూలు ఏరాను, పట్టీలు ఏరాను, చేతి గడియారం కూడా ఇంట్లో వదిలి వచ్చాను. దేవుణ్ణి మాత్రం ఇనుప సామాన్లలో ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

బయటున్నవాళ్ళకి నా వీపే కనిపిస్తోంది. సిలువ జేబులో వేసుకుని పట్టీలు విప్పేస్తే దిక్సూచి బాగవుతుంది, నా గుట్టు దాగుతుంది. కాని అప్పుడు తప్పు పట్టీలదే అవుతుంది. ఇక ఈ విమానంలో ట్యాబ్ నిలబడనివ్వరు. రూతు పని పోతుంది. నా నోరు ఎప్పుడూ నాకన్నా ముందు పరిగెడుతుంది, ఆ క్షణంలో మాత్రం నేనే దాన్ని ముందుకి నెట్టాల్సి వచ్చింది.

"పాత్రోగారూ, ఇలా రండి. తప్పు నాదే. స్క్రూలది కాదు," అన్నాను. సిలువ ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాను. "నిన్న మీకు సెప్పకుండా ఎట్టినాను. దీనికి అయస్కాంతం ఉన్నాది."

దిక్సూచి చక్రం తేలుతూ, తూలుతూ వచ్చి యాభై దగ్గర నిలబడింది. పట్టీలు అలాగే ఉన్నాయి, ట్యాబ్ అలాగే ఉంది.

పాత్రోగారు తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, ఇచ్ఛాపురం తిట్లు, సగం ఒడియా, అర్థం కానివాటికి అనువాదం అడగలేదు. చివరికి, "ఇరవయ్యేళ్ళ సర్వీసులో దేవుడి వల్ల బండి ఆగడం ఇదే సూడ్డం," అని ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నారని తెలిసింది. తరవాత విమానాన్ని నాలుగు దిక్కులకీ తిప్పించి చూసి, ఇంజిను వేయించి మళ్ళీ చూసి, కాగితం మీద సంతకం పెట్టారు. "స్క్రూల మాట ఎనక్కి తీసుకుంతన్నాను బావూ," అని నా భుజం మీద చెయ్యి వేశారు.

రూతు నా చేతిలోంచి సిలువ తీసుకుని, చూసి, నా చొక్కా జేబులోనే వేసింది. "మీరు కిందనుంచే ప్రార్థన సెయ్యండన్నా. దూరం ఎంతైనా పనిచేస్తాది అది." వెనక సీట్లోకి కెమెరాతో కంపెనీ ఫోటోల కుర్రాడు ఎక్కాడు. ఏడూ నలభైకి విమానం లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే పాత్రోగారూ నేనూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నాం. ఇద్దరం గబుక్కున వదిలేశాం.

తిరుగు ప్రయాణం రైల్లో. బొబ్బిలిలో పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగి, స్టేషను బయట పెసరట్టు తిని, పదకొండున్నరకి పలాస వైపు వెళ్ళే బండి పట్టుకున్నాను. గరివిడి దాటగానే సిగ్నలు లేక రైలు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే, ఫ్యాక్టరీ పొగకి ఆవల, ఎండిన మళ్ళ మీద తెల్లగా చిన్న విమానం. అదే. ఉత్తరానికి వెళ్ళింది, చిన్నగా తిరిగింది, దక్షిణానికి వచ్చింది, మళ్ళీ తిరిగింది.

నేను ఎంతోమందికి ఎన్నో బిగించాను. డబ్బిచ్చారు, వెళ్ళిపోయారు. తప్పు ఒప్పుకున్నాక కూడా నా చేతిపనిని నమ్మి, దాని వెనక కూర్చుని ఆకాశంలోకి వెళ్ళినవాళ్ళు మాత్రం వీళ్ళే. ఆ అమ్మాయికీ, ఆ పెద్దాయనకీ ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

ఎదురు సీట్లో చీపురుపల్లిలో దిగాల్సిన రైతు ఒకాయన, తలపాగా ఒళ్ళో పెట్టుకుని, నాతోపాటే కిటికీలోంచి చూస్తున్నాడు. విమానం నాలుగోసారి తిరిగి వచ్చేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అప్పుడు నా మోకాలి మీద తట్టాడు.

"ఎవులో గానీ బావూ, సూడు. నాగలి సాలు తప్పట్లేదు."

నేను చొక్కా జేబులోని సిలువని తడిమి చూసుకున్నాను. రైలు కదిలింది.