టమాటా ధర చెప్పే ప్రోగ్రాం

రిటైరవడానికి రెండేళ్ళ ముందు వేసవిలో, సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతిగా నాలుగో సంవత్సరం ప్రాజెక్టు వైవాలు నిర్వహించాను. బి.టెక్. ఆఖరి ఏడాదిలో పిల్లలు జట్లుగా చేరి ఒక ప్రోగ్రాం తయారుచేస్తారు. దాన్ని నడిపి చూపించి, ఇద్దరు పరీక్షకుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒకరు కాలేజీ మనిషి, రెండోవారు యూనివర్సిటీ పంపే బయటి మనిషి. లోపలి పరీక్షకురాలిని నేను. బయటినుంచి వచ్చినవారు రాఘవరావు గారు. మాట తక్కువ, గడియారం చూసుకోవడం ఎక్కువ.

ఆ ఏడాది కాలేజీలో ఎవరికీ కుదురు లేదు. ప్రోగ్రాం రాసిపెట్టే ఏఐ పిల్లల చేతికొచ్చింది. ఎవరు ఏది రాశారో, ఏది రాయించుకున్నారో తేల్చలేక మేం అవస్థపడుతున్నాం. పిల్లలది ఇంకో గాబరా. ఉద్యోగాలివ్వడానికి క్యాంపస్‌కు కంపెనీలు తక్కువ వచ్చాయి. ఆఫర్ వచ్చినవాళ్ళకు కూడా ఒక్క సబ్జెక్టు తప్పితే అది రద్దయ్యే షరతు ఉంది. వరండాలో ఎవరూ కూర్చోలేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం భోజనాలకు ముందు వచ్చిన నలుగురి జట్టుకు నాయకుడు కార్తీక్. వాళ్ళ ప్రాజెక్టు రేపటి టమాటా ధరను ఇవాళే చెప్పే ప్రోగ్రాం. పాత ధరలు కొన్ని చూపించి దానికి నేర్పుతారు. మరికొన్ని ధరలు దాచిపెట్టి, వాటిమీద పరీక్షిస్తారు. తమ ప్రోగ్రాం దాదాపు ప్రతిసారీ సరిగ్గానే చెబుతోందని కార్తీక్ తెరమీద చూపించాడు. రాఘవరావు గారు తలూపి, మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడు జట్టులో చివర నిలబడ్డ స్వప్న అంది, "సార్, అది నిజం కాదు."

స్వప్న తండ్రి మోండా మార్కెట్‌లో కూరగాయల వ్యాపారి. ఆ పిల్ల వారం రోజులుగా ప్రోగ్రాం చెప్పిన ధరను మర్నాడు మార్కెట్లో పలికిన ధరతో పోల్చి చూసిందట. ఎక్కడా పొంతన లేదు. అనుమానమొచ్చి కోడ్ మొత్తం తిరగేసింది. ఏఐ రాసిచ్చిన భాగంలో 'వారం సగటు' అని ఒక లెక్క ఉంది. ఆ సగటులో మర్నాటి ధర కూడా కలిసిపోయింది. పాత లెక్కల్లో మర్నాటి ధర ఎలాగూ ఉంటుంది కాబట్టి కాలేజీలో పరీక్షిస్తే ప్రోగ్రాం బ్రహ్మాండంగా చెబుతుంది. నిజంగా రేపు ఏమిటని అడిగితే దానికి తెలియదు.

"చూసి రాసిన పరీక్ష తీరుగ అయింది సార్," అంది.

కార్తీక్ ముఖం మాడిపోయింది. "ఏందే, గిప్పుడు చెప్తవా? నిన్న చెప్పరాదా?"

"నిన్న చెప్పిన. ఎవరు చూస్తరు, వదిలెయ్ అన్నవ్."

రాఘవరావు గారు కలం కింద పెట్టారు. ప్రాజెక్టు తప్పని జట్టే ఒప్పుకుంది గనుక ఫెయిల్ చేయడమే సబబన్నారు. ఫెయిలంటే నలుగురూ సప్లిమెంటరీ దాకా ఆగాలి. పిల్లల్ని బయటికి పంపాను. తలుపు పూర్తిగా మూసుకోకముందే వాళ్ళ గొడవ వినబడింది.

"నాకు ఆఫరుంది. ఇంట్ల అందరికీ చెప్పుకున్నరు. నీకేం పరేషాన్?"

"నాకు ఆఫరే లేదు కార్తీక్. గీ మార్కులు సుత పోతే నన్నెవరు పిలుస్తరు?"

నిబంధన ప్రకారం మార్కులు ఆ రోజు వైవాలన్నీ పూర్తయ్యాకే యూనివర్సిటీకి పంపుతాం. ఒకసారి పంపితే దిద్దే వీల్లేదు. అందుకని ఈ జట్టును ఆఖర్న మళ్ళీ పిలుద్దామని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. తప్పు పట్టుకున్నది మనం కాదు, ఆ అమ్మాయి కదా అన్నాను. గడియారం చూసుకుని, "సరే. అప్పటికి ఏది చూపిస్తే దానికే మార్కులు," అన్నారు. ఆ మాట పిల్లలకు చెప్పి ల్యాబ్‌కు పంపాను.

పరీక్షకురాలిని కాబట్టి నేను వాళ్ళకు సాయం చేయకూడదు. జట్టుకూ జట్టుకూ మధ్య లేచి, నీళ్ళ నెపంతో ల్యాబ్ ముందునుంచి పదేపదే నడిచాను. మొదటిసారి వెళ్ళినప్పుడు కార్తీక్, స్వప్న చెరో మూల ఉన్నారు. తర్వాత చూస్తే ఒకే తెర ముందున్నారు. ఎక్కడ మార్చాలో స్వప్నకు తెలుసు. మారిస్తే ఇంకేం చెడిపోతుందో కార్తీక్‌కు తెలుసు, జట్టులో కోడ్ అంతా కలిపి నిలబెట్టినవాడు అతనే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పనిచేస్తున్నారు.

సాయంత్రం మళ్ళీ వచ్చారు. మర్నాటి ధరను తీసేశాక ప్రోగ్రాం సగానికి సగం తప్పు చెప్పింది. స్వప్న ఇంకొక్కటి చూపించింది. రేపటి ధర ఇవాళ్టి ధరే అని కళ్ళు మూసుకుని చెప్పినా, ఈ ప్రోగ్రాం కన్నా తక్కువ తప్పులొస్తాయి.

"అంటే ఏడాదంతా మీరు చేసింది దేనికీ పనికిరాదన్నమాట," అన్నారు రాఘవరావు గారు.

జవాబు కార్తీక్ చెప్పాడు. "ఈ పద్ధతి పనికిరాదు సార్. ఎందుకు పనికిరాదో చెప్పగలుగుతం."

చెప్పాడు కూడా. తడబడుతూ, చెమట తుడుచుకుంటూ. మధ్యలో రెండుసార్లు స్వప్న అందుకుంది.

నలుగురూ పాసయ్యారు. ప్రాజెక్టు మార్కులు ఉమ్మడివి, అవి మామూలుగానే పడ్డాయి. కార్తీక్‌కు డిస్టింక్షన్ తప్పింది గానీ ఉద్యోగం నిలిచింది. వీడ్కోలు రోజున అతను స్వప్నతో ఫోటో దిగలేదు, నేను చూశాను. ఎవరికి వారికి వేసే వైవా మార్కుల్లో స్వప్నకు రాఘవరావు గారే అందరికన్నా ఎక్కువ వేశారు. అయినా ఆ మార్కులు చూసి ఏ కంపెనీ ఆమెను పిలవలేదు. ఏడాదికి పైగా తిరిగి, చివరికి ఒక చిన్న సంస్థలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే టెస్టర్ ఉద్యోగంలో చేరింది.

తర్వాతి ఏడాది మా విభాగంలో వైవా పద్ధతి మార్చాను. ప్రోగ్రాం ఎంత బాగా పనిచేస్తోందో చెప్పడానికి ముందు, అది ఎక్కడ తప్పుతోందో జట్టు చూపించాలి. తప్పే చోటు తెలియదన్న జట్టుకు సగం మార్కులే. లెక్చరర్లు గొణిగారు, పిల్లలు నన్ను తిట్టుకున్నారు. కోడ్ ఎవరు రాశారు, మనిషా మెషీనా అన్న విచారణ మాత్రం అప్పటినుంచి మానేశాం. ఎక్కడ తప్పుతుందో చూపించాలంటే, ఎవరు రాసిన కోడైనా పిల్లలు మొత్తం తిరగేయక తప్పదు. దాని అవసరం రాలేదు.